లాయర్ గారి ఆఫీసులో తెరుచుకోని లింకులు: ఒక కేస్ స్టడీ

సోమవారం పొద్దున్నే ఫోన్. గుంటూరులో ఆస్తి కాగితాలు చూసి బ్యాంకులకి లీగల్ ఒపీనియన్లు రాసిచ్చే ఒక లాయర్ గారి ఆఫీసు నుంచి, అక్కడి పెద్ద గుమస్తా గారు. "బాబూ, లింక్ డాక్యుమెంట్లు ఏవీ ఓపెన్ కావట్లేదు. బుధవారానికల్లా బ్యాంకుకి రెండు ఒపీనియన్లు వెళ్లాలి. సారు పొద్దుట్నుంచీ చిరచిరలాడుతున్నారు" అన్నారు.

ఆస్తుల వ్యవహారం తెలిసినవాళ్లకి లింక్ డాక్యుమెంట్ అంటే వేరే అర్థం ఉంది. ఇప్పుడు స్థలం అమ్ముతున్న మనిషికి అది ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకి ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి చూపించుకుంటూ పోయే పాత దస్తావేజులు. నేను అదే అనుకుని, "ఏ ఊరి డీడ్ బాబాయ్, స్కాన్ పాడైందా?" అన్నాను. ఆయన "ఒకటి కాదు, అన్నీ" అన్నారు. రెండు నిమిషాలు ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నాక తేలింది: ఆయన బాధ డేటాబేస్‌లో ఆ దస్తావేజులకి పెట్టిన లింకుల గురించి. నీలం రంగులో గీత కింద ఉన్న పేరు నొక్కితే పీడీఎఫ్ రావాలి. రావట్లేదు. స్పెసిఫైడ్ ఫైల్ ఓపెన్ చేయలేమని ఒక చిన్న పెట్టె వస్తోంది, అంతే.

ఆ డేటాబేస్ నేను చేసింది కాదు. ఎప్పుడో ఎవరో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చేసిపెట్టారు. పని మాత్రం నీట్‌గానే చేశారు. ఒక్కో దస్తావేజుకి ఒక వరస: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, బుక్ నంబరు, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, రాసిచ్చినవారు, రాయించుకున్నవారు, సర్వే నంబరు, చివర్లో స్కాన్‌కి హైపర్‌లింక్. మొత్తం 6,214 వరసలు. స్కాన్లన్నీ డేటాబేస్ బయట, షేర్ చేసిన ఫోల్డర్‌లో ఉంటాయి. అలా ఉంచడమే సరైన పద్ధతి. యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటకూడదు. 2007 వెర్షన్ నుంచి అటాచ్‌మెంట్ ఫీల్డ్ అని ఒకటి ఉన్నా, వేల స్కాన్లని అందులో కుక్కితే డేటాబేస్ ఎంతో కాలం బతకదు.

పట్టికలున్న ఫైలు సర్వర్ మీద, ఫారాలున్న ఫైలు ఐదు కంప్యూటర్లలో తలా ఒక కాపీ. సర్వర్ అంటే పెద్దదేం కాదు, మూలన పెట్టిన ఒక పాత డెస్క్‌టాప్. దాని హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమని చప్పుడు మొదలెట్టేసరికి, శనివారం కొత్త మెషిన్ తెచ్చి అంతా అందులోకి కాపీ చేశారు. సోమవారం లింకులు లేవు. కాబట్టి ఆఫీసులో అందరూ తీర్పు ఇచ్చేశారు: కాపీ చేసినవాళ్లు ఏదో పాడుచేశారు.

నేను వెళ్లి ముందుగా మౌస్ ముట్టుకోలేదు. గుమస్తా గారిని ఒకటే అడిగాను. "బాబాయ్, పోయిన శుక్రవారం ఓపెన్ అయ్యి, ఇవాళ కానివి ఏవి? శుక్రవారం కూడా కానివి ఏవి?"

ఆయన కాస్త ఆలోచించి, "కొన్ని ముందునుంచీ కావులే. ఆ తెనాలి డీడ్లు, డౌన్‌లోడ్ చేసిన ఈసీలు, అవి ఎప్పుడూ కావు. వాటికి నేను ఫోల్డర్‌లోకెళ్లి వెతుక్కుంటా" అన్నారు. ఈసీ అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపించే పత్రం.

నాకు కావాల్సింది అదే. ఏళ్ల తరబడి కొన్ని లింకులు చచ్చిపడి ఉన్నాయి, ఈయన ఓపికతో వాటిని నెట్టుకొస్తున్నారు. ఫిర్యాదు వచ్చింది సోమవారమే అయినా తప్పులన్నీ శనివారం పుట్టినవి కావు. ఈ సంగతి తెలియకుండా శనివారం నాటి తప్పొకటి సరిచేసి "అయిపోయింది సార్" అని వచ్చేస్తే, మరుసటి రోజే మళ్లీ ఫోన్ వచ్చేది. పైగా పాత తప్పులన్నీ నా ఖాతాలో పడేవి.

ముందు బుధవారం గండం గట్టెక్కాలి. పాత సర్వర్‌లో షేర్ చేసింది మొత్తం డి డ్రైవ్. దాన్ని అందరూ జెడ్ అనే డ్రైవ్‌గా మ్యాప్ చేసుకున్నారు, అంటే సర్వర్ మీది ఆ చోటుకి తమ కంప్యూటర్లో ఒక డ్రైవ్ అక్షరం పెట్టుకున్నారు. కాబట్టి ఒక స్కాన్ దారి "జెడ్:\స్కాన్లు\2016\..." అని ఉంటుంది. కొత్త మెషిన్‌లో షేర్ చేసింది ఒక్క స్కాన్లు ఫోల్డర్‌ని. దాన్నే మళ్లీ జెడ్‌గా మ్యాప్ చేశారు. దాంతో అదే ఫైలు ఇప్పుడు "జెడ్:\2016\..." అయింది. డ్రైవ్ అక్షరం అదే, తెరిస్తే లోపల ఫోల్డర్లూ అవే కనిపిస్తున్నాయి. మధ్యలో ఒక్క మెట్టు మాయం. కాపీ చేసినవాళ్లు జెడ్ డ్రైవ్ ఓపెన్ చేసి "చూడండి, అన్నీ ఉన్నాయి" అని చూపించి వెళ్లారు. నిజమే, అన్నీ ఉన్నాయి. కొత్త మెషిన్‌లో పైన ఒక ఫోల్డర్ చేసి, స్కాన్లు ఫోల్డర్‌ని దాని కింద పెట్టి, పై ఫోల్డర్‌ని షేర్ చేసి మళ్లీ మ్యాప్ చేశాను. అరగంట పని. బుధవారానికి కావాల్సిన డీడ్లు తెరుచుకున్నాయి.

తెరుచుకోలేదు కూడా, ఒక కంప్యూటర్‌లో. జూనియర్ లాయరమ్మ గారి మెషిన్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ డ్రైవ్ చక్కగా కనిపిస్తోంది. అదే మెషిన్‌లో యాక్సెస్ మాత్రం ఆ డ్రైవే లేదంటోంది. పావుగంట తల గోక్కున్నాక డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రాపర్టీస్ చూశాను. ఎప్పుడో, దేనికో, "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" టిక్ పెట్టి వదిలేశారు. విండోస్‌లో మామూలు హోదాలో మ్యాప్ చేసిన డ్రైవ్, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచే ప్రోగ్రామ్‌కి కనిపించదు. మనిషి ఒకరే అయినా విండోస్ లెక్కలో అవి రెండు వేర్వేరు లాగిన్లు. టిక్ తీసేశాను. వచ్చింది. "ఆ టిక్ నేను పెట్టలేదండీ" అన్నారావిడ. ఎవరూ పెట్టరు, అవి వాటంతటవే పడుతుంటాయి.

అసలు లెక్క

బుధవారం ఒపీనియన్లు వెళ్లిపోయాక గురువారం తీరిగ్గా కూర్చున్నాను. పట్టికల ఫైలుని కాపీ తీసుకుని, పనంతా ఆ కాపీ మీదే చేశాను.

హైపర్‌లింక్ ఫీల్డ్ గురించి ఒక మాట చెప్పాలి. తెరమీద మనకి కనిపించేది ఒక్క పేరే అయినా, లోపల దాచుకునేది నాలుగు భాగాలు, మధ్యలో హ్యాష్ (#) గుర్తులతో. మొదటిది చూపించే పేరు, రెండోది అసలు చిరునామా, మూడోది ఆ ఫైల్ లోపల ఎక్కడికి వెళ్లాలో, నాలుగోది మౌస్ పెడితే కనిపించే చిన్న వివరణ. నొక్కినప్పుడు యాక్సెస్ చూసేది రెండో భాగాన్ని. మనం చూసేది మొదటి భాగాన్ని. ఈ తేడా తెలియకపోతే ఎంత సేపైనా అక్కడే తిరుగుతుంటాం. సోమవారం నేను వెళ్లేలోపే ఆఫీసులో ఒక కుర్రాడు అలాగే తిరిగాడు పాపం. ఎడిట్ హైపర్‌లింక్ పెట్టె తెరిచి, పైనున్న "టెక్స్ట్ టు డిస్‌ప్లే" గడిలో కొత్త దారి టైప్ చేసుకుంటూ నలభై లింకులు "సరిచేశాడు". తెర మీద కొత్త దారి కనిపిస్తోంది, కిందనున్న అడ్రస్ గడిలో పాతదే ఉంది. "దారి కరెక్టే సార్, అయినా రావట్లేదు" అని నాకు చూపించాడు.

కాపీలో ఆ ఫీల్డ్ రకాన్ని హైపర్‌లింక్ నుంచి లాంగ్ టెక్స్ట్‌కి మార్చితే హ్యాష్‌లతో సహా మొత్తం బయటపడుతుంది. నేను ఇంకో కాపీలో హైపర్‌లింక్‌పార్ట్ అనే ఫంక్షన్‌తో ఒక క్వెరీ (పట్టికలోంచి కావాల్సింది ఏరిచ్చే ఆదేశం) రాసి, చిరునామా భాగం మాత్రం విడదీసి, అది ఎలా మొదలవుతుందో దాన్నిబట్టి గుంపులు కట్టి లెక్కపెట్టాను. ఆ ఒక్క క్వెరీ రోజంతా లింకులు నొక్కి చూసినా తెలియనిది చెప్పింది.

జెడ్ డ్రైవ్‌తో మొదలయ్యేవి 3,871. డ్రైవ్ పేరే లేకుండా, రెండు చుక్కలతోనో నేరుగా ఫోల్డర్ పేరుతోనో మొదలయ్యేవి 1,406. చిరునామా ఖాళీగా ఉన్నవి 512. వై డ్రైవ్ 187. పాత సర్వర్ పేరుతోనే మొదలయ్యేవి 142. సి డ్రైవ్ 96. ఆఫీసులో వాళ్లకి ఇది ఒకే జబ్బు, లింకులు పోయాయి. కాగితం మీద ఆరు జబ్బులు. అందులో ఒక్క మొదటిదీ, పాత సర్వర్ పేరుతో ఉన్నవీ శనివారం తాలూకు.

వై డ్రైవ్‌ది చిన్న కథ. ఒకరి మెషిన్‌లో జెడ్ అక్షరం అప్పటికే దేనికో వాడేసి ఉంటే వై పెట్టుకున్నారు. ఆయన ఎక్కించినవి ఆయన దగ్గరే తెరుచుకునేవి. ఇంకెవరికీ కాదు.

డ్రైవ్ పేరు లేని 1,406 మాత్రం నాకు బాగా నచ్చిన సమస్య. హైపర్‌లింక్ పెట్టేటప్పుడు, ఎంచుకున్న ఫైలూ డేటాబేస్ ఫైలూ ఒకే డ్రైవ్‌లో ఉంటే, యాక్సెస్ పూర్తి దారి దాచుకోదు. "నేనున్న చోటు నుంచి రెండు మెట్లు పైకెక్కి, స్కాన్లులోకి వెళ్లు" అన్నట్టు దాచుకుంటుంది. మొదట్లో ఈ ఆఫీసులో అందరూ సర్వర్ మెషిన్ దగ్గరే కూర్చుని డేటా ఎక్కించేవారు. అప్పుడు ఆ దారి సరిగ్గానే ఉంది. తరవాత ఫారాల ఫైలుని విడగొట్టి తలా ఒక కాపీ డెస్క్‌టాప్ మీద పెట్టారు. "నేనున్న చోటు" మారిపోయింది. యాక్సెస్ పాపం ప్రతివాళ్ల డెస్క్‌టాప్ నుంచీ రెండు మెట్లు పైకెక్కి స్కాన్లు ఫోల్డర్ కోసం వెతుకుతోంది. మన ఊళ్లో దారి చెప్పడం లాంటిదే ఇది. రావిచెట్టు దగ్గర ఎడమకి తిరగమంటాం, కానీ ఏ వైపు నుంచి వస్తున్నారో అడగం.

దీనికి హైపర్‌లింక్ బేస్ అని ఒక సెట్టింగ్ ఉంది. ఫైల్ మెనూలో ఇన్ఫో కింద డేటాబేస్ ప్రాపర్టీస్‌లో, సమ్మరీ ట్యాబ్‌లో ఉంటుంది. అక్కడ ఒక చోటు రాస్తే ఇలాంటి లింకులన్నీ ఆ చోటు నుంచి మొదలవుతాయి. నేనూ మొదట అదే పెడదామనుకున్నాను. కానీ కొన్ని లింకులు ఒక మెట్టు ఎక్కమంటున్నాయి, కొన్ని రెండు, కొన్ని అసలు ఎక్కొద్దంటున్నాయి. ఎక్కించినప్పుడు డేటాబేస్ ఎక్కడెక్కడ ఉందో అన్ని రకాలన్నమాట. ఒక్క బేస్ పెడితే అన్నిటికీ సరిపోదు. మానుకున్నాను.

చిరునామా ఖాళీగా ఉన్న 512 ఎక్సెల్ నుంచి వచ్చినవి. కొన్నాళ్లు ఒక జూనియర్ ఇంటి దగ్గర ఎక్సెల్‌లో జాబితా తయారుచేసి, తరవాత పట్టికలోకి కలిపేవారట. హ్యాష్‌లు లేకుండా ఉత్త దారిని హైపర్‌లింక్ ఫీల్డ్‌లోకి పంపితే యాక్సెస్ దాన్ని చూపించే పేరుగా మాత్రమే తీసుకుంటుంది. నీలం రంగు వస్తుంది, గీత వస్తుంది, నొక్కితే ఏమీ రాదు. ముందూ వెనకా ఒక్కో హ్యాష్ తగిలించి పంపి ఉంటే సరిపోయేది. గుమస్తా గారు చెప్పిన "డౌన్‌లోడ్ చేసిన ఈసీలు" ఇవే.

ఇక తెనాలి డీడ్లు. వీటికి కాస్త ఆగాలి.

డాక్యుమెంట్ నంబరు రాసే పద్ధతి అందరికీ తెలిసిందే: 1187/1996. ఫైలుకి అదే పేరు పెట్టబోతే విండోస్ ఒప్పుకోదు. ఏయే గుర్తులు వాడకూడదో ఒక చిట్టా చూపిస్తుంది, అందులో స్లాష్ ఉంటుంది, హ్యాష్ ఉండదు. తెనాలి ఫైళ్లు ఎక్కించినాయన ఆ చిట్టా చూసి, లేని గుర్తు ఏరుకుని 1187#1996 అని పేరు పెట్టారు. తెలివైన పనే. విండోస్‌కి అభ్యంతరం లేదు. కానీ హైపర్‌లింక్ ఫీల్డ్‌లో హ్యాష్ అంటే "ఇక్కడితో చిరునామా అయిపోయింది" అని అర్థం. దాంతో చిరునామా 1187 దగ్గర తెగిపోయింది. మిగిలిన "1996" పీడీఎఫ్ లోపలి చోటు అనుకుని మూడో భాగంలోకి పోయింది. 1187 అనే ఫైలు ఎక్కడా లేదు కాబట్టి అవి ఎక్కించిన రోజు నుంచే తెరుచుకోలేదు. శనివారానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు.

మంచి సంగతేంటంటే, తెగింది కానీ పోలేదు. మూడో భాగంలో ఏదైనా ఉన్న వరసలు వడగడితే 338 వచ్చాయి. రెండో భాగం, మధ్యలో ఒక హ్యాష్, మూడో భాగం అతికిస్తే అసలు ఫైలు పేరు తిరిగొచ్చేసింది.

ఆ పేర్లలో హ్యాష్ తీసేసి అడ్డగీత పెడుతూ ఫైళ్ల పేర్లు మార్చే చిన్న ప్రోగ్రామ్ రాశాను. నాలుగు చోట్ల ఆగిపోయింది, ఆ పేరుతో ఇంకో ఫైలు ఉందని. నేను డూప్లికేట్ స్కాన్లనుకుని పాతవి తీసేయబోయాను. పక్కనే టీ తాగుతున్న గుమస్తా గారు "ఏం చేస్తున్నావు బాబూ?" అన్నారు. చెప్పాను. గ్లాసు కింద పెట్టి వచ్చేశారు.

"అదేంటి! డాక్యుమెంట్ నంబరు ఒక్కో రిజిస్ట్రార్ ఆఫీసుకి వేరేగా నడుస్తుంది. గుంటూరులో 1187 ఉంటుంది, తెనాలిలోనూ 1187 ఉంటుంది. ఒక్క ఆఫీసులోనే ఒకటో బుక్కులో ఒకటి, నాలుగో బుక్కులో ఒకటి ఉంటాయి. తీసేశావా?"

తీసేయలేదు. ఇంకో రెండు నిమిషాలైతే తీసేసేవాణ్ణే, కాపీలోనే అనుకోండి. కొత్త పేర్లలో ఆఫీసు, బుక్ నంబరు, డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం నాలుగూ ఉండేలా మార్చాను. కంప్యూటర్ పనికి నన్ను పిలిచారు కానీ, ఆ రోజు డేటా కాపాడింది ఆయనే.

కొత్త ఏర్పాటు

హైపర్‌లింక్ ఫీల్డ్‌ని అలాగే వదిలేసి, పక్కన మామూలు టెక్స్ట్ ఫీల్డ్ ఒకటి పెట్టాను. అందులో స్కాన్లు ఫోల్డర్ కింది దారి మాత్రమే ఉంటుంది: "2016\తెనాలి\..." అన్నట్టు. స్కాన్లు ఫోల్డర్ ఎక్కడుందనేది వేరే చిన్న పట్టికలో ఒకే ఒక్క వరస, డ్రైవ్ అక్షరంతో కాకుండా రెండు వెనక స్లాష్‌లు, సర్వర్ పేరు, షేర్ పేరుతో. ఫారంలో ఒక బటన్. నొక్కితే రెండూ అతికించి, ఫైలుందో లేదో చూసి, ఉంటే తెరుస్తుంది. లేకపోతే ఏ దారిలో వెతికిందో మొత్తం చూపిస్తుంది. రేపు సర్వర్ మళ్లీ మారితే మార్చాల్సింది ఆ ఒక్క వరస.

తెరవడానికి యాక్సెస్‌లో ఉన్న ఫాలోహైపర్‌లింక్ వాడలేదు. దానికీ హ్యాష్ జబ్బుంది, ఫైలు పేరులో హ్యాష్ వస్తే అక్కడే తెంచేస్తుంది. రేపు ఎవరో మళ్లీ హ్యాష్ పెట్టరని నమ్మకం లేదు. విండోస్ వాడే షెల్‌ఎగ్జిక్యూట్‌నే పిలిచాను, చివర డబ్ల్యూ ఉన్న రకం. డబ్ల్యూ ఎందుకంటే ఫైళ్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, ఆ రకానికే తెలుగు అక్షరాలు వస్తాయి.

నేను రెండు గంటలు పోగొట్టుకుంది ఈ తెలుగు దగ్గరే. పాత లింకులన్నీ కొత్త ఫీల్డ్‌లోకి మార్చాక, ఒక్కో ఫైలు నిజంగా ఉందో లేదో చూసే ప్రోగ్రామ్ నడిపాను. అలవాటు కొద్దీ డిర్ ఫంక్షన్ వాడాను. లేని ఫైళ్లు వెయ్యి దాటాయి. గుండె గుభేలుమంది. కాపీ చేసేటప్పుడు నిజంగానే ఏదో పోయిందా అని టెన్షన్. జాబితా తెరిచి చూస్తే, లేవంటున్నవి దాదాపు అన్నీ తెలుగు పేర్లే, ఫోల్డర్‌లో నా కళ్లెదురుగానే ఉన్నాయి. డిర్ పాతకాలపు ఫంక్షన్, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ దానికి రాదు. దానికి తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలే. ఇంగ్లిష్ పేర్లతో ఏళ్లుగా పనిచేసిన కోడ్ మన భాష దగ్గర ఇలా చేతులెత్తేస్తుంది. ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌లోని ఫైల్‌ఎగ్జిస్ట్స్‌కి ఆ ఇబ్బంది లేదు. దాంతో మళ్లీ నడిపితే లేనివి 231కి దిగాయి. మెసేజ్ బాక్స్‌లోనూ ఇదే గొడవ, తెలుగు ప్రశ్నార్థకాలుగా వస్తుంది. అందుకని దారి చూపించడానికి మెసేజ్ బాక్స్ కాకుండా చిన్న ఫారం పెట్టాల్సొచ్చింది.

ఆ 231లో 31 పేర్లు టైప్ చేయడంలో తప్పులు. 21 ఫైళ్లని ఎవరో "కొత్త ఫోల్డర్ 2"లోకి లాగేశారు. తొమ్మిదింటి దారి మరీ పొడుగు. మామూలుగా విండోస్‌లో మొత్తం దారి 260 అక్షరాల లోపు ఉండాలి, ఆ లెక్కలో "స్త్రీ" మనకి ఒక్క అక్షరమే కానీ కంప్యూటర్‌కి ఆరు. ఫోల్డర్ల పేర్లలో ఆస్తి హద్దులతో సహా రాసుకున్నారు ఒకాయన.

74 లింకుల దగ్గర మాత్రం ఆగిపోయాను. ఫీల్డ్‌లో పేరు "సేల్ డీడ్ 412". ఫోల్డర్‌లో ఫైలు పేరు "సేల్ డీడ్ 412". అక్షరం తేడా లేదు. ఖాళీలూ సరిపోయాయి. అయినా ఫైలు లేదంటుంది. రెండు పేర్ల పొడవూ లెక్కపెట్టించాను. ఒకటి రెండక్షరాలు ఎక్కువ. ఒక్కో అక్షరం నంబరు అచ్చేయిస్తే, "సేల్"లో పొల్లు తరవాత, "డీడ్"లో పొల్లు తరవాత 8204 అని ఒక నంబరు కనిపించింది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్, ముందరి హల్లుని తరవాతి అక్షరంతో కలవనివ్వకుండా ఆపే కనిపించని గుర్తు. "పాస్‌బుక్" అని రాసేటప్పుడు సకారం కింద బ వత్తు పడకుండా చేసేది అదే. కొన్ని టైపింగ్ సాధనాలు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా, అవసరం లేకపోయినా, దాన్ని పెట్టేస్తాయి. ఇంకో కీబోర్డుతో కొడితే రాదు. ఫైళ్లకి పేర్లు పెట్టినావిడ ఒక రకం కీబోర్డు వాడారు. తెరుచుకోని లింకులు చూసి జాలిపడి దారులన్నీ చేత్తో మళ్లీ టైప్ చేసినాయన ఇంకోటి వాడారు. కంటికి ఒకటే, డిస్కుకి రెండు వేరు పేర్లు.

ఫైళ్ల పేర్లలోంచి 8204 మొత్తంగా తీసేద్దామని ఒక్క క్షణం అనిపించింది. తీస్తే "పాస్‌బుక్" కాస్తా "పాస్బుక్" అవుతుంది, గుమస్తా గారు ఊరుకోరు. మాట చివర, ఖాళీకి ముందు, అంకెకి ముందు ఉన్నవి మాత్రమే తీసి, అటు ఫైలు పేర్లలోనూ ఇటు ఫీల్డ్‌లోనూ ఒకేలా చేశాను. కొత్తగా ఎక్కించే ఫైళ్లకి పేరు టైప్ చేసే అవసరమే లేకుండా చేశాను. బటన్ నొక్కి స్కాన్ ఎంచుకుంటే ప్రోగ్రామే ఆ వరసలోని వివరాలతో పేరు పెట్టి సరైన ఫోల్డర్‌లోకి చేరుస్తుంది.

మిగిలినవి సి డ్రైవ్‌వి, 96. అవి సర్వర్‌లోకి ఎప్పుడూ రాలేదు. మూడేళ్ల కింద పనిచేసి వెళ్లిపోయిన ఒక జూనియర్ తన మెషిన్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే లింకులు పెట్టుకున్నారు. ఆయన సీట్లో అవి రోజూ తెరుచుకునేవి కాబట్టి ఆయనకి తెలిసే అవకాశం లేదు. ఆ మెషిన్ ఏమైందని అడిగితే ఎవరికీ గుర్తులేదు. గుమస్తా గారు మాత్రం తన బల్ల కిందకి వంగి చూశారు. అక్కడ ఒక సీపీయూ ఉంది, ఆయన కాళ్లు పెట్టుకునేది. మదర్‌బోర్డు పోయింది కానీ హార్డ్ డిస్క్ బతికే ఉంది. బయటికి తీసి నా లాప్‌టాప్‌కి తగిలిస్తే 91 ఫైళ్లు దొరికాయి. మిగతా ఐదూ ఎప్పుడో డౌన్‌లోడ్స్ ఖాళీ చేసినప్పుడు పోయినట్టున్నాయి.

ఐదే కదా అని నేను అన్నాను. లాయర్ గారు అలా అనుకోలేదు. "ఏవో చెప్పవయ్యా" అన్నారు. వరసల్లో వివరాలన్నీ ఉన్నాయి కాబట్టి చదివాను. కాగితాలు పార్టీలకి ఎప్పుడో తిరిగిచ్చేశారు. నాలుగు రిజిస్టర్ అయిన డీడ్లు, నంబరూ ఆఫీసూ తెలుసు కాబట్టి గుమస్తా గారు మరుసటి రోజే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలకి పెట్టారు, పది రోజుల్లో స్కాన్ చేసి ఎక్కించారు కూడా. ఐదోది రిజిస్టర్ చేయించని వీలునామా. దానికి సర్టిఫైడ్ కాపీ రాదు. ఆ పార్టీ వాళ్లు ఇల్లు మారారు, పాత ఫోన్ నంబరు పనిచేయట్లేదు. పోయిన నెల ప్రింటర్ పని మీద వెళ్లినప్పుడు చూశాను, ఆ ఒక్క వరస పక్కన "ఫైలు లేదు" అని ఎర్రగా అలాగే ఉంది.